మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు నుంచి నాలుగడుగుల రీఫ్‌కు: హైదరాబాద్ ఇంట్లో ఏది ముందు, ఏది తర్వాత

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో 36×15×18 అంగుళాల ట్యాంకు, రెండేళ్లుగా ఉప్పునీళ్లు, అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక డామ్‌సెల్ చేప, వెనక తగిలించిన ఫిల్టరు. ఇప్పుడు నాలుగడుగుల రీఫ్‌కు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకుకు, మారాలని మీ కోరిక. ఏ లైటు కొనాలి, ఏ పగడాలతో మొదలుపెట్టాలి, పాతదాంట్లోవన్నీ ఒక్కరోజులో కొత్తదాంట్లోకి మార్చొచ్చా అని మూడు అడిగారు. రెండేళ్లు ఆ చిన్న ట్యాంకులో చేపలు ఆరోగ్యంగా ఉన్నాయంటే మీ హస్తవాసి మంచిదే.

నేను పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లోనే రీఫ్ నడుపుతున్నాను. ఇప్పుడున్నది మూడో ట్యాంకు. ఈ పన్నెండేళ్లలో నేను చూసినంతవరకు, మన ఊళ్లో లైటు చాలక పోయిన రీఫ్ ఒక్కటీ లేదు. ఎండాకాలం వేడికి పోయాయి, కరెంటు పోయిన రాత్రి ఊపిరాడక పోయాయి, బోరు నీళ్లలో ఉన్నదంతా లోపల పేరుకుని పోయాయి. కాబట్టి డబ్బు ముందు ఆ మూడింటి మీద పెట్టండి, మిగిలినదాంతో లైటు కొనండి. జవాబు కూడా ఆ వరసలోనే రాస్తాను.

అంతకన్నా ముందు చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే పులి ఉన్న జాబితాలోనే, 2001లో పగడాలను చేర్చారు. సున్నపు అస్థిపంజరం కట్టుకునే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు అందులో ఉన్నాయి. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు, కొన్ని జెయింట్ క్లామ్ జాతులు కూడా ఈ చట్టం రక్షణలో ఉన్నాయి. మన తీరంలో తీసినవి కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా జైలుశిక్ష పడే నేరమే. ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మే రాళ్లలో చాలావరకు చచ్చిన పగడపు ముక్కలే. రామేశ్వరం వైపు నుంచి వచ్చిందని ఎవరైనా గర్వంగా చెబితే అక్కడి నుంచి వచ్చేయండి. మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, ఇళ్ల కోసం ఏళ్ల తరబడి పగడాలను తవ్వి తీశారు. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, మళ్లీ 2024లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడిపోయాయి. అక్కడ మిగిలినదాన్ని మన హాల్లో పెట్టుకోవడానికి పీక్కురాకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

విదేశాల్లో ఫారాల్లో పెంచిన గట్టి పగడాలు తెచ్చుకోవాలంటే సైటీస్ (అరుదైన ప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కాగితాలు, 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు, ఇంత ఉంటుంది. మీరు ఆ జోలికి పోకుండా మెత్తని పగడాలతోనే రీఫ్ కట్టుకోండి. మష్రూమ్‌లు, లెదర్లు, జోయాంతిడ్లు, గ్రీన్ స్టార్ పాలిప్స్, జీనియా. నా ట్యాంకులో ఉన్నవి ఇవే. అలలకు ఊగేవి ఇవే, చూడటానికి నిండుగా ఉండేవీ ఇవే. వాటికి కూడా బిల్లు అడిగి తీసుకోండి, ఎక్కడివో చెప్పలేని దుకాణంలో కొనకండి. రాయి విషయంలో మనుషులు తయారుచేసిన సిరామిక్ రాయో సిమెంటు రాయో చాలు. నాలుగైదు నెలల్లో దాని మీద సున్నం కట్టుకునే ఆల్గే ఊదారంగు పొరలా పడితే ఏది అసలో ఏది నకలో తెలియదు.

ఇక ట్యాంకు. నాలుగడుగుల పొడవుకు రెండడుగుల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు చేయించండి. 24 ఎత్తు అడుగుతారు చాలామంది, వద్దు. చెయ్యి అడుగుకు అందదు, లైటు కింద దాకా దిగదు, అద్దం మందం పెంచాలి. వెడల్పు ఎక్కువుంటే రాళ్లకూ అద్దానికీ మధ్య జాగా మిగిలి శుభ్రం చేయడం తేలిక. 12 ఎంఎం అద్దం, అడుగున థర్మాకోల్ షీటు. రంధ్రాలు వేయాల్సిన అద్దం టఫెన్డ్ కాకూడదని అద్దాల అతనికి ముందే చెప్పండి, టఫెన్డ్‌కు డ్రిల్ పెడితే పొడి పొడి అవుతుంది.

ఈ ట్యాంకులో దాదాపు 375 లీటర్లు పడతాయి. నీళ్లు, అద్దం, రాళ్లు, స్టాండు, కింద సంప్ అన్నీ కలిపితే 600 కిలోలు దాటుతుంది. మన ఇళ్ల స్లాబులు చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. మీ ట్యాంకు నిలబడేది ముప్పావు చదరపు మీటరు మీద. గది మొత్తం మీద బరువు పంచుకుంటుంది కాబట్టి భయపడక్కర్లేదు గానీ, హాలు మధ్యలో మాత్రం పెట్టకండి. బీమ్ మీద ఉన్న గోడకు ఆనించి పెట్టండి. బీమ్ ఎటు పోతోందో బిల్డర్ దగ్గర డ్రాయింగ్‌లో ఉంటుంది. పాత బిల్డింగ్ అయితే స్ట్రక్చరల్ ఇంజినీరును ఒకసారి తీసుకొచ్చి చూపించండి.

స్టాండు విషయంలో నేను చేసిన పొరపాటు చెప్తాను. నా రెండో ట్యాంకుకు కార్పెంటర్ చేత పార్టికల్ బోర్డుతో కేబినెట్ చేయించాను. పైన మంచి లామినేటు, చూడటానికి ఫర్నిచర్ షాపులోదిలా ఉండేది. ఎనిమిది నెలలకు కింద అంచులు తడిసి అటుకుల్లా ఉబ్బాయి. రీఫ్ కింద ఎప్పుడూ చెమ్మే, పైగా ఉప్పు చెమ్మ. ఐఎస్ 710 మార్కు ఉన్న మెరైన్ ప్లై వాడండి, లేకపోతే ఫ్యాబ్రికేటర్ దగ్గర ఇనప ఫ్రేము చేయించి పౌడర్ కోటింగ్ వేయించండి. ఇంకో సంగతి, ముందు స్కిమ్మర్ (నురగతో నీటిలోని మలినాన్ని తీసే పరికరం) కొని దాని ఎత్తు కొలిచి, పైన కప్పు తీయడానికి ఇంకో జానెడు వదిలి, ఆ తర్వాతే కేబినెట్ ఎత్తు తేల్చండి.

వెనక తగిలించే ఫిల్టరుతో నాలుగడుగుల రీఫ్ నడవదు, సంప్ కావాల్సిందే. సంప్ అంటే కేబినెట్లో ఉండే రెండో ట్యాంకు. పై ట్యాంకు నీళ్లు ఓవర్‌ఫ్లో పెట్టెలోంచి పైపు ద్వారా కిందికి దిగుతాయి, సాక్స్ (చెత్త పట్టే గుడ్డ సంచులు), స్కిమ్మర్ దాటుకుని మళ్లీ మోటారు మీదుగా రిటర్న్ పైపులో పైకి వెళ్తాయి. ఓవర్‌ఫ్లోలో రెండు పైపులు పెట్టించండి. ఒకటి గేట్ వాల్వ్‌తో నిండుగా నీళ్లు లాగేది, రెండోది అది మూసుకుపోతే ఆదుకునేది. శబ్దం ఉండదు, రాత్రి హాల్లో పడుకోవచ్చు.

సంప్ సైజు దగ్గర ఈ లెక్క కాగితం మీద వేసుకోండి. మీ ట్యాంకు పైభాగం 48×24 అంగుళాలు. నీటిమట్టం ఒక్క అంగుళం దిగితే 19 లీటర్లు. కరెంటు పోగానే మోటారు ఆగుతుంది, ఓవర్‌ఫ్లో పళ్ల దాకా ఉన్న నీళ్లు, రిటర్న్ పైపు వెనక్కి లాగే నీళ్లు అన్నీ సంప్‌లోకే వస్తాయి. పైపు మూతి నీళ్లలో రెండంగుళాల లోతున ఉంటే దాదాపు 40 లీటర్లు వచ్చి పడతాయి. 30×16×15 అంగుళాల సంప్‌లో 118 లీటర్లు పడతాయి. మామూలుగా నడిచేటప్పుడు ఎనిమిది అంగుళాల మట్టం ఉంచితే 60 పైచిలుకు లీటర్లు, మిగతా 50 లీటర్లకు పైగా ఖాళీ. ఇది సరిపోతుంది. ఇంతకన్నా చిన్నది వద్దు. రిటర్న్ పైపులో నీటిమట్టానికి అర అంగుళం కింద చిన్న రంధ్రం వేయించండి. నీళ్లు అక్కడికి దిగగానే గాలి పీల్చుకుని సైఫన్ తెగిపోతుంది. నీళ్లను ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్‌ను నమ్ముకోకండి. నేను నమ్మాను. ఒక చిన్న నత్త అందులో ఇరుక్కుని వాల్వ్ మూసుకోలేదు, రాత్రి రెండు గంటలకు సోఫా కింద దాకా ఉప్పునీళ్లు. ట్యాంకు నింపిన రోజే రిటర్న్ మోటారు స్విచ్ పది సార్లు ఆపి, వేసి చూడండి. పదిసార్లూ సంప్ అంచు దాటకపోతేనే ముందుకు వెళ్లండి.

నీళ్ల దగ్గరికి వద్దాం. మీకు మంజీరా నీళ్లు వస్తున్నాయా, బోరా అని మీరు రాయలేదు. అపార్ట్‌మెంట్లలో రెండూ బిల్డింగ్ కింది సంప్‌లోనే కలుస్తాయి, మార్చి దాటితే ట్యాంకరు కూడా తోడవుతుంది. అంటే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) ఇవాళ ఒకటి, వచ్చే వారం ఇంకొకటి. వంటింట్లో ఉన్న తాగునీటి ఆర్వో నీళ్లు వాడుతున్నానని రాశారు. వాటిలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం కొంత పచ్చి నీళ్లు కలిపి ఇస్తుంది, లేకపోతే మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. తాగడానికి అది సరే. చేపలు మాత్రమే ఉన్నంతకాలం నడిచింది కూడా. రీఫ్‌లో అలా కుదరదు. రోజూ ఆవిరైన నీళ్లకు బదులు అవే పోస్తారు, నీళ్లు ఆవిరవుతాయి, అందులోని నైట్రేటు, సిలికా మాత్రం లోపలే ఉండిపోతాయి. ఆరు నెలలకు గోధుమరంగు బూజు, జుట్టులాంటి పాచి.

సెడిమెంట్, కార్బన్, మెంబ్రేన్, చివర మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ ఉన్న విడి యూనిట్ పెట్టుకోండి. మన అపార్ట్‌మెంట్ల నీటి ఒత్తిడికి బూస్టర్ పంపు తప్పదు. బోరు నీళ్లు 800 టీడీఎస్ అనుకుంటే మంచి మెంబ్రేన్ దాన్ని 40, 50 దాకా దించుతుంది, ఆ మిగిలినది రెసిన్ పట్టుకుని సున్నా చేస్తుంది. మీటరులో సున్నా కాకుండా రెండో మూడో చూపించిన రోజు రెసిన్ మార్చండి, వారం ఆగి చూద్దాం అనుకోకండి. మెంబ్రేన్ పాతబడి 100 వదులుతుంటే రెసిన్ నెలకే అయిపోతుంది, అప్పుడు తప్పు రెసిన్‌ది కాదు. వృథా నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్‌రూముకు వాడుకోండి, మొక్కలకు వద్దు.

ఉప్పు కలిపేటప్పుడు 35 పీపీటీ (కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు), అంటే సాంద్రత 1.026. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరును మంచినీళ్లతో కాకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. ఆవిరైన నీటికి బదులు ఎప్పుడూ మంచి ఆర్వో డీఐ నీళ్లే, ఉప్పునీళ్లు కాదు. ఉప్పు ఆవిరి కాదు కదా. వేసవిలో ఈ సైజు ట్యాంకు ఫ్యాను పెడితే రోజుకు నాలుగైదు లీటర్లు తేలిగ్గా తాగేస్తుంది, కాబట్టి తగ్గిన నీళ్లు దానంతటదే పోసే ఆటో టాప్ అప్ పెట్టుకోండి. విశాఖలో ఉన్న మిత్రులు సముద్రం నీళ్లే తెచ్చి పోయొచ్చా అని అడుగుతుంటారు. హార్బరుకు దూరంగా తెస్తే కొన్ని నెలలు పర్వాలేదు గానీ, వానలు, గోదావరి వరదల తర్వాత మన తీరంలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. తెచ్చిన ప్రతిసారీ కొలవాలి.

ఇప్పుడు వేడి. పగడం ఒంట్లో సూక్ష్మమైన ఆల్గే కాపురం ఉంటుంది. ఎండలో అది వండిపెడితే పగడం తింటుంది. నీళ్లు కొన్ని వారాలు మామూలు కన్నా ఒక డిగ్రీ రెండు డిగ్రీలు ఎక్కువుంటే ఆ పొత్తు చెడి పగడం దాన్ని బయటికి తోసేస్తుంది. తెల్లబడటం అంటే అదే. మనకు కావాల్సింది 25 నుంచి 27 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని హాలు మధ్యాహ్నం 34 ఉంటుంది, మోటార్ల వేడి దానికి తోడు.

మీరు ఫ్యాన్లతో నెట్టుకురావచ్చా అంటే, హైదరాబాద్‌లో కొంతవరకు రావచ్చు. ఒక్క లీటరు నీరు ఆవిరైతే 400 లీటర్ల ట్యాంకును ఒకటిన్నర డిగ్రీ చల్లార్చేంత వేడిని పట్టుకుపోతుంది. మన ఎండ పొడి ఎండ, ఆవిరి బాగా అవుతుంది. అందుకే ఏప్రిల్, మేలో నీటి ఉపరితలం మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అదే కాకినాడలో, మచిలీపట్నంలో గాలిలో చెమ్మ వల్ల ఫ్యాను తిరుగుతుందే తప్ప నీళ్లు చల్లబడవు. కానీ 34 నుంచి మూడు తీస్తే 31. అది చేపలకు సరిపోవచ్చు, పగడాలకు చాలదు. ఆ గదిలో పగలంతా ఏసీ నడిచే ఇల్లు కాకపోతే నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనండి. ఈ నీటికి మన వాతావరణంలో పావు హెచ్‌పీ. చిన్నది కొంటే రాత్రీ పగలూ ఆగకుండా తిరిగి కరెంటు బిల్లు కూడా పెంచుతుంది. దాన్ని కేబినెట్లో బిగించకండి, ట్యాంకులోంచి తీసిన వేడిని అది అక్కడే వదులుతుంది. గోడకు కన్నం పెట్టి పైపులు బయటికి తీసి బాల్కనీలో, ఎండ వాన తగలని చోట పెట్టించండి. చలికాలం రాత్రులకు 25 దగ్గర సెట్ చేసిన 200 వాట్ల హీటరు చాలు.

కరెంటు. ఇది రాయడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. నా మొదటి ట్యాంకు ఐదో ఏడు. మే నెల. పెళ్లికని ఖమ్మం వెళ్లాను. సాయంత్రం గాలివాన వచ్చి మా వీధిలో చెట్టు తీగల మీద పడింది. రాత్రి ఎనిమిదికి పోయిన కరెంటు తెల్లవారుజామున ఐదుకు వచ్చింది. ఇన్వర్టరు ఉంది, ఫ్యాన్లకూ లైట్లకూ కలిపాను, ట్యాంకుకు కలపలేదు. అమ్మ ఇంట్లోనే ఉంది. చేపలు నీళ్ల పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయని ఆవిడ చూసింది, ఆకలేమో అనుకుని మేత వేసింది. ఏం చేయాలో నేను ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. పొద్దున్నకు ఆరు చేపలు పోయాయి, పెద్దవి ముందు పోయాయి. ఏడేళ్లు దాటినా అమ్మ ఆ మాట తలుచుకుని బాధపడుతుంది, ఆ బాధ పూర్తిగా నా వల్ల కలిగినదే.

అందుకని ఈ వరస గుర్తుపెట్టుకోండి. కరెంటు పోతే ముందు ప్రాణవాయువు, తర్వాత వేడి, లైటు సంగతి అసలు పట్టించుకోవద్దు. పగడాలు మూడు రోజులు చీకట్లో ఉన్నా ఏమీ కాదు. 26 డిగ్రీల సముద్రపు నీళ్లలో లీటరుకు ఏడు మిల్లీగ్రాముల లోపే ఆక్సిజన్ ఉంటుంది, మంచినీళ్ల కన్నా తక్కువ. నీళ్లు కదలకపోతే చేపలు, బ్యాక్టీరియా కలిసి గంటల్లో దాన్ని అవగొట్టేస్తాయి. ట్యాంకు కోసం విడిగా ఒక సైన్‌వేవ్ ఇన్వర్టరు, 150 ఏహెచ్ బ్యాటరీ పెట్టండి, ఇంటి ఫ్యాన్లు దానికి కలపొద్దు. రిటర్న్ మోటారు 40 వాట్లు, ట్యాంకులో అలలు పుట్టించే వేవ్ పంపు 20 వాట్లు అనుకుంటే కొత్త బ్యాటరీ రాత్రంతా లాగుతుంది. చిల్లర్‌ను దానికి తగిలించకండి. అది కాక, కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి. వేసవిలో ఫ్రిజ్‌లో లీటరు నీళ్ల సీసాలు ఐసు కట్టించి ఉంచండి, మూత తీయకుండా ట్యాంకులో తేలేయాలి. ఒక్కో సీసా పావు డిగ్రీ మాత్రమే దించుతుంది, కాబట్టి నాలుగైదు కావాలి.

నా కేబినెట్ తలుపు లోపల ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంటుంది. పెద్ద అక్షరాలతో తెలుగులో నాలుగు లైన్లు: ‘మేత వేయొద్దు. ఎర్ర స్విచ్ వేయి. అది పని చేయకపోతే చెంబుతో నీళ్లు తీసి పై నుంచి పోస్తూ ఉండు, పావుగంటకోసారి. నాకు ఫోన్ చెయ్యి.’ మీ ఇంట్లో కూడా రాసి పెట్టండి. మీ ఇంట్లో అందరికన్నా ట్యాంకంటే తెలియనివాళ్లకు అది చదివి వినిపించి, ఒకసారి వాళ్ల చేత చేయించండి.

వైర్ల దగ్గర రెండే మాటలు. ట్యాంకు మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగు. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి, నీటి చుక్క జారితే ఆ వంపు దగ్గర నేల మీద పడాలి గానీ సాకెట్లోకి పోకూడదు.

ఇవన్నీ అయ్యాక లైటు. మెత్తని పగడాలకు 50 నుంచి 120 పార్ (పగడంలోని ఆల్గే వాడుకోగల వెలుతురు కొలత) వెలుతురు చాలు. నీలం ఎక్కువగా ఉండే మామూలు ఎల్‌ఈడీ, నాలుగడుగులకు రెండు ఫిక్చర్లు. ఖరీదైనది కొనాలని మీకు మనసులో ఉంటే ఆ డబ్బు చిల్లర్‌కు మళ్లించండి. మొదట 30 శాతంతో మొదలుపెట్టి ఆరు వారాల్లో పెంచుకుంటూ పోండి, రోజుకు ఎనిమిది గంటలు చాలు. అలల కోసం ఎదురెదురుగా రెండు వేవ్ పంపులు పెట్టండి. లెదర్ పగడం గడ్డిలా ఊగాలి, ఒకవైపు వంగి వంగి ఉండిపోతే ధార నేరుగా తగులుతోందని అర్థం.

ఒక్కరోజులో మార్చొచ్చా అన్నదానికి జవాబు: మార్చే పని ఒక్కరోజే, కానీ ఆ రోజుకు ముందు నెల రోజుల పని ఉంది. కొత్త ట్యాంకును మామూలు నీళ్లతో మూడు రోజులు నింపి లీకు చూడండి. తర్వాత ఉప్పునీళ్లు, కొత్త రాయి, కడిగిన అరగొనైట్ ఇసుక వేసి, సీసా బ్యాక్టీరియా, కొద్దిగా అమ్మోనియా వేసి మూడు నాలుగు వారాలు నడపండి. వేసిన అమ్మోనియా, నైట్రైటు ఒక్కరోజులో సున్నా అవుతుంటే సిద్ధమైనట్టే. మీ పాత ట్యాంకు బలం పాత నీళ్లలో లేదు, పాత రాళ్ల లోపలి బ్యాక్టీరియాలో ఉంది. ఆ రాళ్లు ఎండకుండా, నీళ్లలోనే ఉండగా మారాలి.

ఆ రోజు పొద్దున్నే మొదలుపెట్టండి, రాత్రి అలసిపోయి చేసే పనిలో తప్పులు జరుగుతాయి. మూడు పెద్ద టబ్బులు తెచ్చుకోండి, సబ్బు తగలనివి. ముందు పైనుంచి తేరిన నీళ్లు వంద లీటర్లు టబ్బుల్లోకి లాగండి. తర్వాత రాళ్లు తీయండి, రాళ్లు ఉండగా క్లౌన్ చేపను పట్టడం ఎవరివల్లా కాదు. ఒక్కో రాయిని పాత నీళ్లలోనే గట్టిగా ఊపండి, బురదలా దిగుతుంది, అది దిగిపోవాలి. చేపలను విడి టబ్బులో ఎయిర్ స్టోన్‌తో ఉంచి మూత పెట్టండి, గెంతుతాయి. పాత ఇసుకను మాత్రం కొత్త ట్యాంకులోకి తీసుకెళ్లకండి. రెండేళ్ల ఇసుకను కదిపితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసనే హైడ్రోజన్ సల్ఫైడు, దాంతో పాటు రెండేళ్ల మలినమూ లేస్తుంది. ట్యాంకు మార్చిన మర్నాడు చేపలు పోయాయని వచ్చే ఫోన్లలో ఎక్కువ ఈ ఇసుక వల్లే. రెండు ట్యాంకుల ఉప్పు, వేడి సమానంగా ఉన్నాయో చూసుకుని రాళ్లు పెట్టి, నీళ్లు తేరాక క్లౌన్‌లను వదలండి. డామ్‌సెల్‌ను కొత్త ట్యాంకులో వేయకుండా ఎవరికైనా ఇచ్చేయమనే నా సలహా. నాలుగడుగుల ట్యాంకంతా తనదే అనుకుని కొత్తగా వచ్చే ప్రతి చేపనూ తరుముతుంది. ఏడు రోజులు రోజూ అమ్మోనియా చూడండి, మేత సగమే వేయండి, నెల దాకా కొత్త ప్రాణి ఏదీ వద్దు.

తర్వాతి చేపలు ఒక్కొక్కటిగా, నాలుగు నుంచి ఆరు వారాలు విడి క్వారంటైన్ ట్యాంకులో ఉంచాకే. రాగి మందు ఎప్పుడైనా వాడాల్సి వస్తే అక్కడే వాడాలి, రీఫ్‌లో చుక్క కూడా పడకూడదు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో తయారుచేశారు. అలా పెంచిన చేపలు దొరికితే సముద్రంలో పట్టినవి కొనకండి. పిల్లలు డోరీ అడుగుతారు, నీలం ట్యాంగ్‌కు ఆరడుగులు కావాలి, ఇందులో వద్దు.

మొదటి రెండు మూడు నెలలు గోధుమరంగు, ఆ తర్వాత పచ్చని పాచి వస్తాయి. రానివ్వండి. నత్తలు, వారానికి పది శాతం నీళ్లు మార్చడం, ఇంతే. పాచికి భయపడి నైట్రేటు, ఫాస్ఫేటు సున్నా చేస్తే డైనోఫ్లాజెల్లేట్లు అనే జిగురు పట్టే సూక్ష్మజీవులు పట్టుకుంటాయి, వాటిని వదిలించడం పాచి కన్నా పదింతలు కష్టం. నైట్రేటు 5 నుంచి 10, ఫాస్ఫేటు 0.05 దగ్గర, ఆల్కలినిటీ (నీటిలోని కార్బోనేట్ల బలం) 8 నుంచి 9 డీకేహెచ్, క్యాల్షియం 400 పైన ఉంటే మెత్తని పగడాలు హాయిగా పెరుగుతాయి. ఈ లవణాలను విడిగా పోయడం (డోసింగ్) అక్కర్లేదు. ఊదారంగు పొర బాగా పట్టి ఆల్కలినిటీ దిగడం మొదలైతే సున్నపు తేట ఉంది. మన పెద్దవాళ్లు ఎరిగిన సున్నపు తేటే రీఫ్ వాళ్లు కాల్క్‌వాసర్ అంటారు. కిళ్లీకొట్టు సున్నం కాకుండా, ల్యాబు గ్రేడు క్యాల్షియం హైడ్రాక్సైడు లీటరు డీఐ నీళ్లకు ఒకటిన్నర గ్రాములు కలిపి, మూత పెట్టి తేరనిచ్చి, పై తేటను రాత్రిపూట చుక్క చుక్కగా వదలాలి. పీహెచ్ 12 ఉంటుంది, ఒక్కసారిగా పోస్తే చేపలు పోతాయి.

పగడాల్లో మొదట రెండు మష్రూమ్‌లు, అడుగున నీడ వైపు. అవి నెల తర్వాత కూడా విచ్చుకుని ఉంటే లెదర్ ఒకటి, మధ్య ఎత్తులో. గ్రీన్ స్టార్ పాలిప్స్‌ను అసలు రాళ్ల గుట్టకు తగలకుండా ఇసుకలో విడి రాయి మీద పెట్టండి, జీనియాను కూడా అంతే. పాకుతూ పక్కవాటిని కప్పేస్తాయి. లెదర్లు నీళ్లలోకి రసాయనాలు వదిలి పక్క పగడాలను అణిచేస్తాయి, సంప్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచీ ఎప్పుడూ ఉండాలి.

జోయాంతిడ్లు చివర. రంగులు చూసి అందరూ ముందు వాటినే కొంటారు, మీకు పిల్లలున్నారు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. వాటిలో కొన్ని జాతుల్లో, ముఖ్యంగా పాలితోవాలో, పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి గ్లోవ్సు, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టుకోకండి, కోయకండి. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేయడానికి వేడినీళ్లు పోయడం, ఉడకబెట్టడం ఎప్పుడూ చేయకండి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రిపాలైన ఉదంతాలు ఉన్నాయి. చేతికి పుండు ఉన్న రోజు ట్యాంకులో చెయ్యే పెట్టకండి.

బీమ్ ఎటు ఉందో, మీ నీళ్ల టీడీఎస్ ఎంతో, పగలు ఆ హాల్లో ఏసీ నడుస్తుందో లేదో రాయండి. ఆ మూడూ తెలిస్తే చిల్లర్ అవసరమా, కేబినెట్ ఎక్కడ అనేది ఖచ్చితంగా చెప్తాను. అంతదాకా అద్దాల అతనికి అడ్వాన్సు ఇవ్వకండి.